పేరు చదవడం అయ్యాకే పందెం

ఇందులో చిటికెడు అబద్ధమున్నా నాకున్న రెండు పళ్లూ ఇప్పుడే ఊడిపోవాలి.

అడవిలో 'కుందేలు తాత బయలు' అని ఒక మైదానం ఉండేది. తాత ముళ్లన్నీ ఏరి చదును చేశాడు కనుక ఆ పేరు. ఆ బయల్లోనే పరుగుపందెం గెలవాలని మనవరాలు చెంగికి పట్టుదల.

పందెం ముందు నక్క కంచె వేయించి, "ఊరికే ఇస్తారటమ్మా ఎవరైనా? పాత పేరు తీసేసి నా పేరు పెట్టండి" అంది. పెట్టారు. పందిరి వేసిన ఎలుగుబంటి పేరూ, గుప్పెడు ఇసుక చల్లిన ఉడుత పేరూ చేర్చారు.

బయలు పేరు మొత్తం చదివాకే పందెం మొదలవ్వాలని అక్కడి ఆచారం. చెంగి గీత దగ్గర కాళ్లు బిగించి కూర్చుంది. గాడిద మామ చదవడం మొదలెట్టాడు. సగంలో ఏనుగొచ్చి, "నీళ్లు చల్లింది నేను కదటయ్యా, నా పేరేదీ?" అంది. గాడిద మామ ఆ పేరూ చేర్చి మళ్లీ మొదటినుంచి ఎత్తుకున్నాడు.

"మామా, మా తాత పేరెక్కడొస్తుంది?" అంది చెంగి.

"మీ తాత ఏమిచ్చాడే?"

"ముళ్లు ఏరాడు."

"అది తీసెయ్యడమే, ఇవ్వడం కాదు" అని గాడిద మామ మళ్లీ మొదటికొచ్చాడు.

చెంగి మీసాలు నెరిసి నేలకు ఆనాయి. కాళ్లు మాత్రం ఇంకా బిగించే ఉంది.

అమ్మాయ్, ఆ చెంబు తీసుకెళ్లి చెంగికి కాసిని మంచినీళ్లు పట్టించి రా. గాడిదను మాత్రం పలకరించకు.