తలూపిన పెద్దమనిషి

"దోషి!"

ఆ మాట చెవిన పడగానే వెర్నా టాకెట్ మొహం చేతుల్లో దాచుకుంది. మరి తలెత్తి ఎవరినీ చూడలేదు.

పొరుగువాళ్ల గడ్డి కొట్టం తగలబెట్టాడని ఆమె కొడుకు డ్వేన్ మీద కేసు. కౌంటీ కోర్టులో నాలుగు రోజులు నడిచింది. ఆ నాలుగు రోజులూ ఆమె నమ్ముకున్నది జ్యూరీలో చివరి కుర్చీలో కూర్చున్న ముసలాయన్ని. డ్వేన్ కంటతడి పెట్టినప్పుడల్లా ఆయన ఆమెకేసి చూసి మెల్లగా తలూపేవాడు.

పన్నెండుమందీ ఒక్క మాట మీదుంటేనే శిక్ష. ఆయనొక్కడు కాదంటే చాలు, పిల్లాడు ఇంటికొచ్చేస్తాడు. సర్కారు లాయరు ఆఖరి వాదన వినలేక వరండాలోకి పోయి కూర్చున్నప్పుడు కూడా ఆమెకు అదే ధైర్యం. తీర్పుకి మాత్రమే తలొంచుకుని మళ్లీ లోపలికొచ్చింది.

ఏం లాభం? పదేళ్లు పడ్డాయి.

బయట ఆ ముసలాయన తన ట్రక్కు దగ్గర నిలబడి ఉన్నాడు. ఆమెను చూసి టోపీ తీశాడు.

"ఏమన్నారమ్మా?"

వెర్నాకు ఒళ్లు మండిపోయింది.

"చేసిందంతా చేసి, ఏమీ ఎరగనట్టు నన్నే అడుగుతావా?"

"అది కాదమ్మా, నేను..."

"నోర్ముయ్! తలూపి మరీ నా కొడుకు గొంతు కోశావు. నువ్వూ ఒక మనిషివేనా?"

ఆమె విసవిసా నడిచి వెళ్లిపోయింది.

ఆయన పేరు ఆర్విల్ స్టాంపర్ అని తర్వాత తెలిసింది. ఓసారి సరుకుల కొట్లో దగ్గరికి రాబోతే, ఆమె సరుకులు వేసుకున్న తోపుడుబండి అక్కడే వదిలేసి బయటికొచ్చేసింది. ఆయన పేరుతో ఉత్తరమొస్తే విప్పకుండానే పొయ్యిలో పడేసింది.

ఏడాదిన్నరకు ఆయన పోయాడు. చావింటికి వంట చేసి పంపడం అక్కడి ఆనవాయితీ. ముఖపరిచయం లేనివాళ్లూ పంపారు.

"నువ్వేం చేస్తున్నావే?" అని చర్చి నుంచి స్నేహితురాలు ఫోన్ చేసింది.

"ఆ ద్రోహికి నా చేతి వంటా? పచ్చి మంచినీళ్లు కూడా పంపను."

వారం తిరక్కుండా డ్వేన్ తరఫు లాయరు నోరా కూంబ్స్ ఫోన్ చేసింది.

"వెర్నా గారూ, రాష్ట్ర సుప్రీం కోర్టు శిక్ష కొట్టేసింది! మళ్లీ విచారణ జరగాలట. ఈలోగా డ్వేన్‌ని బెయిలు మీద తెచ్చేద్దాం."

వెర్నా కుర్చీలో కూలబడి భోరున ఏడ్చింది.

"ఎలా జరిగింది తల్లీ?"

"జ్యూరీలో ఒకడు దొంగచాటుగా ఆ కొట్టానికి పోయి, 'నేను చూసొచ్చా, ఇది ఆ కుర్రాడి పనే' అని విచారణ జరుగుతుండగానే భోజనాల దగ్గర అందరికీ నూరిపోశాడు. జ్యూరీవాళ్లు కోర్టు బయట సొంతంగా ఆరా తీయడం తప్పు. విన్నవాళ్లంతా నోరు కుట్టేసుకున్నారు. ఒక్కాయన మాత్రం నా దగ్గరికొచ్చి ప్రమాణం చేసి రాసిచ్చాడు."

"ఎవరా పుణ్యాత్ముడు?"

"ఆర్విల్ స్టాంపర్. తన పేరు వింటే మీరు అప్పీలే వద్దంటారని, నన్ను చెప్పనివ్వలేదు."



"శిక్ష వేశాక మనసు కుట్టిందన్నమాట!" అంది వెర్నా.

"ఆయనెక్కడ వేశాడండీ? ఎవరికైనా జబ్బు చేస్తే పనికొస్తారని విచారణకు ఒకరు ఎక్కువగా పదముగ్గురు కూర్చుంటారు, ఆఖరి వాదనలయ్యాక చీటీ తీసి ఒకరిని పంపేస్తారు. ఆ రోజు చీటీ ఆయనకే వచ్చింది, మీవాడు దోషి అన్న పన్నెండుమందిలో ఆయన లేనే లేడు."