చితి ఆరాక పెట్టిన కడియం

నేలలోంచి తీసిన అస్థికల కుండ, అందులోని వాళ్లకు కదలడం ఇష్టం లేకపోతే, రాత్రి గడిచేసరికి వెచ్చబడుతుందని హొసకోటె పక్క సొన్నమ్మ ఇంటివాళ్ల నమ్మకం. ఆమె పొలంలో బయటపడ్డ వేల ఏళ్లనాటి కుండకు కాపలాగా, బెంగళూరు నుంచి వచ్చిన లోహశాస్త్రం మాస్టారు నంజుండప్ప కూర్చున్నాడు.

"పొద్దున చల్లంగా ఉంటే మ్యూజియానికి ఎత్తుకోని పోప్పా. వెచ్చంగుంటే గుంతలోకే. భయమైతే చెప్పు, తోడుకి నా కోడిని ఇడుస్తా," అని సొన్నమ్మ తలుపు వేసుకుంది.

ఆయన కుండలోకి టార్చి వేశాడు. పసిబిడ్డను దహనం చేసి, గోరంత ఎముకనైనా వదలక ఏరి, కడిగి పేర్చారు. పైన ఉన్న రాగి కడియానికి నిప్పు సోకలేదు. చితి ఆరేదాకా ఆగి పెట్టారన్నమాట. లోహం అపురూపమైన ఆ కాలంలో దాన్ని బిడ్డకే ఇచ్చేసిన చేతులకు ఆయన మనసులో నమస్కరించాడు.

గాలి లేదు. కుండలో కడియం చిన్నగా మోగింది.

తెల్లవారాక ఇద్దరూ తాకి చూశారు. కుండ చల్లగా ఉంది. కడియం అప్పుడే చేతినుంచి తీసినంత వెచ్చగా ఉంది. కుండను గుంతలో దించి నంజుండప్పే పూడ్చాడు.