రెప్ప పరీక్ష

కత్తి గాలిని కోసుకుంటూ వెళ్ళి, కొత్త మేనేజరు చెవి పక్కనున్న చెక్క స్తంభంలో దిగబడింది.

మేనేజరు రెప్ప వేయలేదు. "పనివేళలు ఎప్పటిలాగే ఉంటాయి. ఏదైనా మార్పుంటే ముందే చెబుతాను" అని, చెబుతున్న మాట చెబుతూనే ఉన్నాడు.

మాంసం కోసే ఆ హాల్లో చేతులన్నీ ఆగిపోయాయి. రంపాల మోత తప్ప ఇంకో చప్పుడు లేదు. కత్తి విసిరిన మేస్త్రీ తెరిచిన నోరు మూయలేదు.

అది ఆ హాలు ఆనవాయితీ. కొత్త మేనేజరు వచ్చిన రోజున మేస్త్రీ తన బల్ల దగ్గర నిలబడి కత్తి విసురుతాడు. ఆ బల్ల తలుపు పక్కనే, లోపలికి వచ్చేవాళ్ళకి ఎడమ చేతి వైపున ఉంటుంది. అతని గురి గురే, ఎవరికీ ఒక్క గీత పడలేదు. కానీ అదరకుండా నిలబడ్డ మేనేజరు కూడా లేడు. ఒకాయన కెవ్వుమని దూకి, మొద్దుకు మూతి కొట్టుకుని పళ్ళు రాలగొట్టుకున్నాడు. ఇంకొకాయన ప్యాంటు తడుపుకున్నాడు. ఆ తర్వాత వాళ్ళ మాట వినేదెవరు? గట్టిగా అడిగితే, కొక్కేనికి వేలాడే పొట్టేలు తొడ ఒకటి ఊగుతూ వచ్చి 'పొరపాటున' వీపు పగలగొట్టేది. నెల తిరగకుండా తోక ముడిచేవారు.

ఈ మేనేజరు మాత్రం చెప్పాల్సింది చెప్పి, వెనక్కి తిరిగి, కత్తిని చూశాడు. ఊడబెరికి మేస్త్రీ బల్ల దగ్గరికి తెచ్చాడు.

"మీదేనా? మొన వంగింది. సాన పట్టించండి."

మేస్త్రీకి ఒళ్ళు మండిపోయింది. జీవితమంతా నెత్తుట్లో నానిన చేతులు తనవి. ఆ కుర్చీ తనకే వస్తుందనుకున్నాడు. వచ్చింది ఎవరికి? ప్యాకింగు సెక్షనులో అట్టపెట్టెలు సర్దించే గుమాస్తాకి. మేనేజరు పని చేయడం అతనికి ఇదే మొదలు.

"వీడు నెల నిలబడ్డాడంటే నా కత్తి తీసుకెళ్ళి వీడి చేతిలో పెడతాను" అన్నాడు అందరి ముందూ. ఆ హాల్లో సొంత కత్తి ఇంకొకరి చేతిలో పెట్టడమంటే, ఇక నువ్వే పెద్దవని ఒప్పుకోవడం.

మర్నాడు కావాలనే నమస్కారం పెట్టాడు. మేనేజరు పక్కనుంచే వెళ్తూ కూడా చూడలేదు.

"కళ్ళు నెత్తికెక్కాయిరా వీడికి" అన్నాడు మేస్త్రీ, పళ్ళు కొరుకుతూ.

ఇంకో రోజు తలుపు దగ్గర, తన బల్ల వైపునుంచి దారికి సగం అడ్డంగా నిలబడ్డాడు. మేనేజరు తప్పుకోలేదు. భుజంతో ఢీకొట్టి వచ్చాడు. మేస్త్రీ వెళ్ళి పేగులు వేసే తొట్టిలో పడ్డాడు.

"చూసుకోలేదండీ" అన్నాడు మేనేజరు, చెయ్యందించి లేపుతూ.

ఎంత పొగరు! అందరికీ నవ్వాగలేదు. ఆ నవ్వు మేస్త్రీకి కత్తిపోటు కంటే లోతుగా దిగింది. ఆ మధ్యాహ్నమే బలమంతా పెట్టి ఒక తొడను మేనేజరు మీదికి ఊపాడు. అది అతని తలకు తగిలి, మనిషి బల్ల మీద బోర్లా పడ్డాడు. లేచి, మెడ మొత్తం తిప్పి మేస్త్రీని నిండా చూశాడు. మేస్త్రీకి ముచ్చెమటలు పట్టాయి.

అప్పటినుంచి హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. క్యాంటీనులో ఎప్పుడూ గోడవారన, మూల కుర్చీలోనే కూర్చుంటాడట. అది కొట్లాటల్లో ఆరితేరినవాళ్ళు కూర్చునే చోటట. ప్యాకింగుకి ముందు ఏం చేసేవాడో ఎవరికీ తెలియదట.

నెలాఖరున అసలు గొడవ వచ్చింది.

పక్కపక్క బల్లల మీద పనిచేసే బావా బావమరుదులు వాళ్ళు. రాత్రి బావ తాగొచ్చి అక్కను చావగొట్టాడని తెలిసి, బావమరిది ఎముకలు తీసే కత్తితో బావ మీద పడ్డాడు. బావ ముంజేయి చీలిపోయింది. నెత్తురు గోడ మీదికి చిమ్మింది. బావ రెండో చేత్తో నరుకుడు కత్తి అందుకున్నాడు. అంతమంది మొనగాళ్ళూ వెనక్కి తగ్గారు. చెప్పుకోకూడదు గానీ, మేస్త్రీ కూడా తగ్గాడు.

మేనేజరు నేరుగా వాళ్ళ మధ్యలోకి వెళ్ళాడు. కుడిచేత్తో బావమరిది మణికట్టు పట్టుకున్నాడు.

"మీ అక్క నిన్ను చూసుకోవాలంటే జైలుకి రావాలా?"

అంతలో రెండో పక్కనుంచి బావ కత్తి దిగింది. మధ్యలో మేనేజరు తల ఉందని గ్రహించి వెనక్కి లాగబోయాడు గానీ, అంచు తగలనే తగిలింది. మేనేజరు కనుబొమ్మ తెగింది. నెత్తురు ధారగా కంట్లోకి కారింది. అతను తల తిప్పలేదు. తుడుచుకోనైనా లేదు. చూపు బావమరిది మీదే ఉంచాడు.

"కత్తి ఇవ్వు, బాబూ."

బావమరిది ఇచ్చేశాడు. బావ చేతిలోది దానంతటదే జారి నేలమీద ఖంగుమంది. అతను అక్కడే కూలబడి ఏడ్చాడు.

"ఈయన చేతికి కట్టు కట్టించండి. వీళ్ళావిడకి కబురు పెట్టండి, ముగ్గురితో నేను మాట్లాడతాను" అన్నాడు మేనేజరు. చెప్పిన పని చెప్పినట్టు జరిగిపోయింది. తోడు వస్తామన్నవాళ్ళను వద్దని, మొహానికి రుమాలు అడ్డం పెట్టుకుని చేతులు కడుక్కునే గదిలోకి వెళ్ళాడు.

మేస్త్రీ తన కత్తిని ఏప్రన్‌కి శుభ్రంగా తుడిచాడు. ఉతికిన తువ్వాలు ఒకటి భుజాన వేసుకున్నాడు. 'సార్, ఇక ఈ హాల్లో మీ మాటే మాట. మిమ్మల్ని కంటికి రెప్పలా చూసుకుంటాం.' ఈ రెండు ముక్కలూ తడబడకుండా చెప్పాలని దారంతా గొణుక్కున్నాడు. కత్తి పిడి ముందుకు పెట్టి పట్టుకుని, తలుపు తోశాడు.

బేసిను మీదికి వంగిన మేనేజరు, ఊడదీసిన ఎడమ గాజు కన్నును అరచేతిలో పెట్టుకుని, దానికంటిన నెత్తురు కుళాయి కింద కడుగుతున్నాడు.