రెండో చక్రం

మా తమ్ముడి మెకానిక్ షెడ్డులో మావారి జీపు వెనక భాగాన్ని జాకీల మీద లేపారు. మావారు వెనక చక్రాలు రెంటినీ కలిపి తిప్పే లాక్ స్విచ్ నొక్కి వచ్చి, ఎడమ చక్రాన్ని చేత్తో ముందుకు తిప్పారు. కుడి చక్రం వెనక్కి తిరిగింది.

మళ్ళీ తిప్పారు. మళ్ళీ వెనక్కే.

"యాక్సిళ్ళు కొత్తవే వేశావు. మరి ఆ రెండు యాక్సిళ్ళ మధ్య డిఫరెన్షియల్‌లో లాకేదిరా? అది ఉంటే రెండు చక్రాలూ ఒకే వైపు తిరగాలి కదా?"

తమ్ముడు గుడ్డతో చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు.

"నిన్న నా మొహం చూసి 'లాక్ బిగించేశాను బావా' అన్నావు. ఇరవై ఏళ్ళుగా నా బండి మీద ఇంకొకణ్ణి చెయ్యి వెయ్యనివ్వలేదు. పరాయివాడు చేస్తే ఇంత బాధపడేవాణ్ణి కాదు."

"తప్పే బావా."

"ఎందుకు చేశావో అదైనా చెప్పు."

తమ్ముడు జాకీ దించడానికి వంగాడు. నా వైపు చూడలేదు.

"ఇక ఈ షెడ్డుకి రాను. మళ్ళీ పోదామనుకున్న కొండ ప్రయాణం కూడా లేదు," అని మావారు నా వైపు తిరిగారు. "పద. నీకు తెలిసుంటే నాతో చెప్పేదానివి."

పోయినసారి ఆ కొండ మీద ఒక్క చక్రమే తిరిగి జీపు కదలలేదు. అందుకే ఆయన లోయ అంచుదాకా పోకుండా ప్రాణాలతో ఇంటికి వచ్చారు. లాక్ బిగించొద్దని, ఆ మాట ఎవరికీ చెప్పొద్దని తమ్ముడి చేత ఒట్టు వేయించుకున్నది నేనే.

ఆ లాక్ మా దేవుడి అల్మారాలో, నా ప్రార్థన పుస్తకాల వెనక ఉంది. అక్కడైతే ఆయన వెతకరు.