పల్చని ఇటుకలు

ఇటుక పల్చగా ఉంటే పాతది. మందంగా ఉంటే కొత్తది. ఇంజనీరుగారి శాస్త్రం మొత్తం అంతే.

టేపు రెండో కొస పట్టుకుని తాపీ మేస్త్రీ పొద్దుటి నుంచీ ఆయన వెనకే తిరుగుతున్నాడు. డెబ్భై దాటిన మోకాళ్ళు. గదిలోకి అడుగు పెట్టగానే కూర్చోవడానికి ఏదైనా ఉందేమోనని ముందు చూసుకుంటున్నాడు.

చూడటానికి ఒక్కటే ఇల్లు గానీ, విప్పి చూస్తే ఐదారు ఇళ్ళు. మూడు వందల ఏళ్లలో ఎవరి చేతికొస్తే వాళ్ళు తమ ముచ్చట తీర్చుకున్నారు. ఒకాయన మేడ లేపాడు. ఆయన కొడుకు మెట్లను తూర్పు నుంచి పడమటికి మార్చాడు. పాత మెట్ల మీదికి తెరుచుకునే తలుపును మాత్రం మర్చిపోయాడు. తెలియక దాన్ని తీసినవాళ్ళు నేరుగా పెరట్లో పడతారు. ఇంకొకాయన ఎక్కడో చూసొచ్చి ముందువైపు నాలుగు లావుపాటి స్తంభాలు పెట్టించాడు. అవి దేన్నీ మొయ్యడం లేదని మేస్త్రీకి ఎప్పుడో తెలుసు. ఇవాళ ఇంజనీరుగారికీ తెలిసింది.

ఇంజనీరుగారిని పంపిన పాత కట్టడాల శాఖ వాళ్ళ షరతు ఒకటే. రెండు వందల ఏళ్లు దాటిన గది ఒక్కటైనా తేలితే ఇంటిని తీసుకుని కాపాడతారు. తర్వాత తగిలించినవన్నీ కూల్చేస్తారు. ఒక్కటీ తేలకపోతే, ఇల్లు మొత్తం గోడౌన్ల వ్యాపారి పాలు. ఇంటికి మిగిలిన వారసురాలు, ముప్ఫై ఏళ్ల టీచరమ్మ, పొద్దున్నే మేస్త్రీ దగ్గరికొచ్చింది.

“తాతయ్య హాలు ఒక్కటి నిలబడితే చాలు మేస్త్రీగారూ” అంది. ఆ అమ్మాయి గొంతు వింటే మేస్త్రీకి జాలేసింది.

మేస్త్రీ కూతురికి మాత్రం హాలు గొడవ పట్టలేదు. మొగుడితో పడలేక వచ్చేసిన ఆ పిల్లా, దాని కుట్టుమిషనూ, తండ్రీ అందరూ ఉండేది ఆ ఇంటి వెనకగదిలోనే. అది పోతే ఎక్కడికి పోవాలో ఇద్దరికీ తెలీదు. అందుకే రాత్రంతా తండ్రి చెవిలో పోరు పెట్టింది. గది పాతదేనని ఒక్క మాట అంటే చాలు, ఈ ఇంటి మరమ్మతులన్నీ చేసిన తండ్రి మాట కాదనేవాళ్ళు లేరంది. మేస్త్రీ గోడవైపు తిరిగి పడుకున్నాడు.

హాల్లో ఇంజనీరుగారు గోడ మీది గచ్చు గీకి చూశారు. పల్చని ఇటుకలు, మధ్యలో గానుగ సున్నం. ఆయన మొహం వెలిగిపోయింది. అంతలోనే టేపు వంక చూసి నొసలు చిట్లించారు.

“పునాదికన్నా హాలు అడుగున్నర చిన్నదేంటి మేస్త్రీ?”

“ఉన్న ఇటుకతోనే సరిపెట్టుంటారండీ.”

పాతకాలం వాళ్ళకి కొలతల పట్టింపు తక్కువని ఆయన కాగితం మీద రాసుకున్నారు. ఇటుక ఎప్పటిదై ఉంటుందని అడిగితే, తన తాత పుట్టకముందుదని చెప్పాడు మేస్త్రీ. అదీ రాసుకున్నారు.

వెనకగదిలో గచ్చు గీకనక్కర్లేకపోయింది. పెచ్చులూడిన చోట మందపాటి ఇటుక కనబడుతూనే ఉంది.

“ఇది కట్టిందెవరు?”

“నేనేనండీ.”

కూతురి చేతిలో కత్తెర ఆగింది. ఇంజనీరుగారు తలుపు మీద ఎర్ర సుద్దతో ఇంటూ మార్కు పెట్టి వెళ్ళిపోయారు.

సాయంత్రం టీచరమ్మ స్తంభాన్ని పట్టుకుని ఏడ్చింది, హాలు నిలిచిందన్న సంతోషంతో. తర్వాత వెనకగది సంగతి గుర్తొచ్చి, మేస్త్రీ మొహం చూడలేక లోపలికి వెళ్ళిపోయింది.

కూతురు మిషను మీద గుడ్డ కప్పింది. తండ్రి మీదున్న కోపమంతా ఇక ఆపుకోలేకపోయింది.

“కాపురానికొచ్చిన ఏడాది వానాకాలమంతా వసారాలోనే పడుకోబెట్టావని అమ్మ పోయేదాకా దెప్పింది. ఇప్పుడు నన్నూ వీధిన పడేస్తున్నావు. ఆ హాలు కోసం నా గది కూలిపోవాలా నాన్నా?”

మేస్త్రీ గడప మీద కూలబడి, కాళ్ళు బారజాపుకున్నాడు.

“ఆ హాలు కోసం ఈ గది కూలడం ఇది రెండోసారమ్మా, మీ అమ్మ కాపురానికొచ్చిన ఏడాది గాలివానకి హాలు పడిపోయి ఇటుకంతా ముక్కలైపోతే, ఈ గది గోడలు విప్పి, ఆ పాత ఇటుకతో దాన్ని మళ్ళీ నిలబెట్టింది నేనే.”