వాది పేరు

“వాది పేరు చెప్పకుండా కాగితం ఎలా వెతకమంటావమ్మా?” అంటూ రికార్డు గుమాస్తా జగన్నాధం దరఖాస్తును కిటికీలోంచి బయటికి తోశాడు.

దాలమ్మ దాన్ని మళ్లీ లోపలికి తోసింది. పొద్దున్నించి ఇది మూడోసారి.

“పెనిమిటి పేరు నానెలాగ సెప్తాను బాబూ? తప్పు కాదేటి?”

“కోర్టులో తప్పేమీ లేదు.”

“కోర్టు మీది బాబూ. నోరు నాది.”

జగన్నాధం తల పట్టుకున్నాడు. బయట వరండాలో అర్జీలు రాసేవాడు కూడా ఈవిడ చేత ఆ పేరు అనిపించలేక, ఆ గడి ఖాళీగా వదిలేసి చేతులు దులుపుకున్నాడు. దావా నంబరు ఆమెకు తెలియదు. తెల్లవాళ్లు వెళ్లిపోయిన మరుసటేడు తీర్పు వచ్చిందని మాత్రం తెలుసు. ఇరవయ్యేళ్ల నాటి మాట! ఆ ఏటి సూచిక పుస్తకంలో వాదుల పేర్లే ఉంటాయి, అదీ మొదటి అక్షరం ప్రకారం. ఇంటిపేర్లు లేవు, ఊళ్లు లేవు. పేరు తెలియకుండా ఆ బీరువాల్లో చెయ్యి పెడితే ఉద్యోగ విరమణ దాకా వెతుక్కోవచ్చు.

“పోనీ, నీ పేరుందా దావాలో?”

“ఉన్నాది బాబూ. ఆరి పేరు తరవాత నాదే.”

“అంటే రెండో వాదివన్నమాట. లాభం లేదు. సూచికలో మొదటి పేరే రాస్తారు. మీ ఆయన్ని వెంటబెట్టుకు రావలసింది, ఆయనే చెప్పేవాడు కదా!”

“ఆరు కరణంగారింటికాడున్నారు బాబూ. రేపు పొద్దున్నే నా తోట కొలత. గొలుసట్టుకొచ్చేస్తారు. ఈ కాగితం సూపిస్తే ఎకరం జీడితోట నాకుంటాది. నేకపోతే పోతాది. బావికాణ్ణించి కడవలతో నీళ్లు మోసి పెంచినాను బాబూ, ఒక్కో మొక్కా...”

జగన్నాధానికి జాలేసింది, ఒళ్లూ మండింది.

“ఇద్దరూ కష్టపడి పెంచుకున్న తోట! ఒక్క పేరు కోసం పోగొట్టుకుంటావా?”

దాలమ్మ లేచింది. వరండా చివరికి వెళ్లి ఎండ ఎంతదాకా వచ్చిందో చూసింది. వచ్చి కూర్చుంది. మళ్లీ లేచింది.

“అలా తిరక్కమ్మా, నాకు కంగారొస్తోంది! మూడింటికల్లా దావా కాగితాల కట్ట టైపు గుమాస్తా చేతిలో పడితేనే ఇవాళ నకలిస్తాడు. ఇప్పుడు రెండుంబావు. ఊళ్లో ఎవరిచేతనైనా ఆ పేరు చీటీ మీద రాయించుకు రాకపోయావా?”

“తెలిస్తే కొలత ఇయాలే ఎట్టేద్దురు బాబూ. ఎవులికీ సెప్పకుండా సీకటితో బయల్దేరినాను. నరసన్నపేట బస్సు తప్పిపోతే ఇంక నాను ఎల్లీ నాభం నేదు.”

“సరే. ఏదైనా గుర్తు చెప్పు.”

“సింహాచలం కొండమీద సామి పేరే బాబూ.”

జగన్నాధం మొహం విప్పారింది. మరుక్షణం ముడుచుకుపోయింది. ఆ స్వామి పేరు పెట్టుకున్నవాడు ఈ జిల్లాలో ఇంటికొకడు. పోనీ ఆ స్వామికైనా ఒక్క పేరా! ‘స’ తీశాడు. సింహాద్రులు పదకొండుమంది, సింహాచలాలు ఆరుగురు.

“సింహాద్రా?”

“కాదు బాబూ.”

“సింహాచలం?”

“కాదు.”

“అప్పన్న? అప్పలస్వామి?”

“అబ్బే.”

“నరసింహులు?”

దాలమ్మ గబుక్కున కొంగు నెత్తిమీదికి లాక్కుంది. “అది మా మావ పేరు బాబూ. నా ఎదట అనకండి!”

“రామచంద్రా!” అన్నాడు జగన్నాధం. అంతలో లోపల మునసబుగారి గంట మోగింది. పరుగెత్తాడు, తిట్లు తిన్నాడు, వచ్చాడు. గడియారం రెండూ నలభై చూపిస్తోంది. దాలమ్మ కిటికీ ఊచలు రెండు చేతులా పట్టుకుని నిలబడి ఉంది.

“తల్లీ, నాకింక స్వామి పేర్లు తెలియవు.”

“సామంటే సింహమొక్కటేనా బాబూ? ఇంకో జంతువున్నాది కదేటి. బూమిని కోరమీద ఎత్తినాది.”

“వరాహం... వరహాలు!” జగన్నాధం బల్ల మీద ఒక్క చరుపు చరిచాడు. “వరహాలు, అవునా?”

దాలమ్మ కొత్త కోడలిలా తల దించుకుంది. సిగ్గుగా, అవునన్నట్టు ఊపింది.

‘వ’ పుటలో వరహాలు ఒక్కడే ఉన్నాడు. నంబరు రాసుకుని జగన్నాధం నిచ్చెన ఎక్కాడు. పై అరలోంచి కట్ట లాగాడు, దుమ్ముకి నాలుగు తుమ్ములు తుమ్మాడు. మూడింటికి ఇంకా ఎనిమిది నిమిషాలు. అమ్మయ్య! ఈ పిచ్చితల్లి తోట దక్కినట్టే. కట్ట తాడు విప్పి, నిలబడే కాగితాలు తిరగేశాడు. తిరగేస్తూ తిరగేస్తూ ఆగిపోయాడు.

“ఇదేమిటమ్మా? ఇందులో తోట ఊసే లేదు. సర్వే నంబరైనా లేదు.”

“ఉండదు బాబూ. తోట నాను తరవాత కూలి సేసి కొనుక్కున్నాను.”

“మరి ఈ నకలు పట్టుకెళ్లి రేపు ఎవరికి చూపిస్తావు?”

“ఆరికే. ‘పెల్లాం తోట మొగుడిది కాదేటి’ అని గొలుసట్టుకొచ్చేది ఆరే బాబూ.”

జగన్నాధం గబగబా తీర్పు ఆఖరి పేజీకి తిప్పాడు.

“వాది వరహాలుకు ప్రతివాది దాలమ్మ భార్య కాదు.”