టర్కీలు వాలే చెట్టు

"కొక్కెంలా వంగింది చూశారా అంకుల్? ఇది మగ టర్కీ రెట్ట."

యోగానంద్ గారు నవ్వారు. "మీ ఊరి బళ్లో ఇవే చెప్పారా? వారంలో టర్కీ వేట సీజన్ మొదలు. అవి వాలే చెట్టు చూపించు, పుంజు నాదే!"

చదువయ్యాక కెనడాలోని కేంబ్రిడ్జ్ దగ్గరి ఈ కోళ్ల ఫారంలో గుడ్లు ఏరుతున్నాను. మా బ్యాచ్ అంతా ఉద్యోగానికి రెఫరల్ కోసం తిరుగుతోంది. అడవి టర్కీలు సాయంత్రం ఏ చెట్టెక్కుతాయో మూడు వారాలుగా కనిపెట్టింది, తన కంపెనీలో రెఫర్ చేస్తానన్న ఆయన కోసమే.

"నా రెజ్యూమె, అంకుల్? జూలైలో వర్క్ పర్మిట్ అయిపోతుంది."

"సోమవారమే మా మేనేజర్‌కి ఫార్వర్డ్ చేశా. మనమ్మాయే, చాలా ఓపికని మరీ చెప్పా."

అమ్మకు వెంటనే ఫోన్ చేయాలనిపించింది. వాగు పక్కనున్న పైన్ చెట్టు వైపు చెయ్యి ఎత్తబోయాను.

ఆయన ఫోన్‌లో మ్యాప్ తెరిచారు. "ఈ స్పాట్‌కి నీ పేరే పెడతా. ఇంతకీ నీ పేరేంటమ్మా?"

రెజ్యూమెలో మొదటి వరుసలో, అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో ఉన్నది నా పేరే.

చెయ్యి దించేశాను.

"మృదుల, అంకుల్. చెట్టు మీ మేనేజర్ నాకు ఫోన్ చేసిన రోజు చూపిస్తాను."